మూడో పాటలో టిక్కు

పాత పాలకేంద్రంలోకి ఎవరొచ్చినా గుమ్మం దగ్గరే చెప్పులు విడవాలి. ఇళ్లలో ఎలాగూ అందరూ విడుస్తారు; ఇక్కడ మాత్రం అడుగుల చప్పుడు మైకులో పడకూడదని. ఆ నియమం పెట్టింది మైకెన్.

రేడియోలు విప్పి బిగిస్తూ పని నేర్చుకున్న మనిషి ఆమె. మూతపడ్డ ఆ పాలకేంద్రం గోడలకు ఉన్ని దుప్పట్లు కొట్టి, గాయని సీవ్‌తో, డ్రమ్ములు వాయించే వాల్తెర్‌తో కలిసి ‘నేవెర్’ రికార్డుల సంస్థ పెట్టింది. మొదటి రికార్డును హెర్నోసాండ్ ఊరి చుట్టుపక్కల పార్కుల్లో, డాన్సు వేదికల దగ్గర జనం ఎగబడి కొన్నారు. మరుసటి ఏడాదికి స్టాక్‌హోమ్ దుకాణాలే ఫోన్ చేసి అడిగాయి. ముగ్గురూ ఉన్నదంతా ఊడ్చి రెండో రికార్డు మీద పెట్టారు. అది వేసవి పార్కులకు అందకపోతే నేవెర్ మూతే.

మచ్చు రికార్డు వచ్చేసరికి జూలై సెలవులు నెత్తి మీదికొచ్చాయి. ఆ సాయంత్రం నాలుగింటికి రికార్డులు అచ్చువేసే కర్మాగారంలో యంత్రాలు ఆగితే మళ్లీ తిరిగేది ఆగస్టులోనే.

మూడో పాట నడుమ టిక్కుమంది.

మైకెన్ ముల్లు తుడిచి మళ్లీ పెట్టింది. వేరే ప్లేయర్ మీద పెట్టింది. సరిగ్గా అక్కడే, టిక్కు. అసలు టేపు కర్మాగారంలో ఉంది. పైగా ఆ పాటను, ఆమె జ్వరంతో పడుకున్న రోజున, సీవ్, వాల్తెర్ ఇద్దరే మళ్లీ వాయించి పంపారు.

“రికార్డింగప్పుడు ఏమన్నా తగిలిందా?”

“ఏం తగుల్తుంది? చెప్పులు విడిచే వాయించాం,” అన్నాడు వాల్తెర్.

“అయితే అచ్చులోనే తేడా. ఆపమని చెప్దాం.”

“నీవి మనిషి చెవులా, గబ్బిలం చెవులా?” సీవ్ కాఫీ కప్పు ఠపీమని పెట్టింది. “పార్కులో ఎగిరేవాడికి టిక్కు వినబడుద్దా తల్లీ?”

“ఇంటికెళ్లి పెట్టుకున్నాక వినబడుద్ది.”

నేవెర్‌లో ముగ్గురూ సరేనంటేనే ఏ పనైనా. ఫోన్ మోగింది. అవతల కర్మాగారం ఫోర్‌మన్. “ఏవమ్మా, అచ్చు వెయ్యమంటారా, ఆపమంటారా? మావాళ్లు బట్టలు మార్చుకుంటున్నారు.”

ఇద్దరూ వాల్తెర్ వైపు చూశారు. అతను కప్పులోకి చూస్తూ, “మైకెన్ చెప్పిందే కానీండి,” అన్నాడు. సీవ్ మొహం తిప్పుకుని తలూపింది.

“ఆపండి,” అంది మైకెన్.

ఆగస్టులో కొత్త మచ్చు వచ్చింది. అదే పాట, అదే చోట, అదే టిక్కు. అప్పటికి వేసవి ముగిసి పార్కుల్లో దీపాలు తీసేశారు. దుకాణాల ఫోన్లు ఆగిపోయాయి. ఆకులు రాలే వేళకు పాలకేంద్రం ఖాళీ చేయాల్సి వచ్చింది.

దుప్పట్లు మోయడానికి వాల్తెర్ వచ్చాడు. గుమ్మంలో చెక్కచెప్పులు విడుస్తుంటే ఒకదాని మడమ గడప ఇనుప పట్టీకి తగిలింది.

టిక్కు.

మేకు పీకుతున్న మైకెన్ చెయ్యి ఆగింది. “ఆ రోజు నీ కాళ్లకేమున్నాయి?”

వాల్తెర్ రెండో చెప్పు కూడా విడిచి పక్కన పెట్టాడు. “నేల మంచుగడ్డలా ఉంది మైకెన్. ఒక్కసారే మడమ డ్రమ్ము పెడల్‌కి తగిలింది. చెప్తే కోప్పడతావని...”

“కోప్పడేదాన్నే. తర్వాత మళ్లీ వాయించమనేదాన్ని. ఒక్క సాయంత్రం పని.”

అతను మేజోళ్లతో ఆ చల్లటి సిమెంటు మీద అలాగే నిలబడ్డాడు. మైకెన్ మేకును డబ్బాలో వేసి, కాలితో చెప్పులను అతని వైపు నెట్టింది.

“తొడుక్కో. ఇక్కడ ఇక రికార్డు చేసేదేం లేదు.”