ఖాళీ పేజీ కింద సంతకం

హజరాబీ బడి తల్లిదండ్రుల కమిటీకి ఛైర్మన్ అయి రెండేళ్లు. జీతం లేదు, కూర్చోవడానికి కుర్చీ లేదు, పిలుపులకు మాత్రం కొదవ లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. జాకెట్టు కుడుతుండగా ఫోన్ వస్తే చాలు, సగం కుట్టిన చేతిని మిషన్ మీదే వదిలేసి పరుగెత్తాలి. తీరా వెళితే అక్కడ ఎవరుంటారు? వైస్ ఛైర్మన్ గంగులయ్య నాట్లలో ఉంటాడు. "నీ మాటే మా మాటక్కా" అని ఫోన్‌లోనే మీటింగ్ ముగిస్తాడు.

ఆమె మాట ఒక్కటే. తుఫానుకు ఊడిపోయిన ఆడపిల్లల బాత్రూం తలుపు మళ్లీ పెట్టించాలి. ఆ తలుపు లేకనే ఏడో తరగతి చదివే ఆమె కూతురు షాహనా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగదు. నింపిచ్చిన సీసా నిండుగానే తిరిగొస్తుంది. ఈ ఏడు మూత్రంలో మంటతో, జ్వరంతో రెండుసార్లు ఆసుపత్రిలో పడింది.

ప్రతి నెలా మీటింగులో హజరాబీ ఇదే చెప్పేది. హెడ్మాస్టరు విజయభాస్కర్ ప్రతి నెలా తలూపేవాడు.

"రాస్తానమ్మా. నీకు మిషన్ పనుండాది గదా, ముందు సంతకాలు పెట్టేసి పో. తీరిగ్గా నేను రాసుకుంటా."

ఆమె తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీల అడుగున ఒకటో రెండో సంతకాలు పెట్టేసి వచ్చేది. కొలత తీయనిదే కత్తెర పట్టని మనిషి! ఏమనాలి ఈమెను?

సోమవారం తనిఖీకి అధికారి వచ్చాడు. హజరాబీ నోరు తెరిచి "తలుపు" అనగానే ఆయన తీర్మానాల పుస్తకం ఆమె ముందుకు తోశాడు. 'మరుగుదొడ్లు సకల వసతులతో బాగున్నవని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' ఏడు నెలలుగా అదే వాక్యం. దాని కింద ఆమె చేవ్రాలు.

"సంతకం మీదే గదమ్మా?"

హెడ్మాస్టరు బల్ల వైపు చూస్తూ గొణిగాడు. "పైనుంచి నమూనా అట్టనే వస్తాదమ్మా. అందరూ అదే రాస్తారు."

హజరాబీకి ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కంటే తన మీదే ఎక్కువ. తన వేలితో తన బిడ్డ కన్నే పొడిచింది.

పుస్తకం లాక్కుని పేజీలు తిప్పింది. ఆ తర్వాత ఇంకో మూడు ఖాళీ పేజీలు, మూడింటి కిందా తన సంతకాలే. మూడింటినీ ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టేసింది. తర్వాతి పేజీలో వంకర అక్షరాలతో రాసింది: 'ఆడపిల్లల బాత్రూముకు తలుపు లేదు. నా బిడ్డ బడిలో నీళ్లు తాగదు.' కింద సంతకం పెట్టి పుస్తకం అధికారి వైపు తిప్పింది.

"మీరు కూడా పెట్టండి సార్."

ఆయన కలం తీసి నేరుగా పేజీ అడుగుకు పోయాడు.

"ఆగండి సార్. చదవండి ముందు. చదవకుండా పెట్టేది మా అలవాటు."

ఆయన చదివాడు. కలం మూసి, ఆ బాత్రూం ఎక్కడుందని అడిగాడు. ఈ ఏడు నెలల్లో ఆ మాట అడిగింది ఆయనొక్కడే.