ఉప్పుకోటలో సింగన్నను వదిలిరాని రాజన్న

సోమవారం పొద్దున ఒమన్‌లోని రూవిలో మా రూమ్ ముందు కంపెనీ బస్సు ఆగింది. హాజరు పట్టీ పట్టుకుని పేర్లు పిలుస్తూ, అలవాటుగా "రాజలింగం" అన్నాను. జవాబు లేదు. ఎవరూ తలెత్తలేదు. ముందురోజు ఆస్పత్రిలో ఆయన గుండె ఆగిపోయినప్పుడు పక్కనే ఉన్నవాణ్ణి నేను. అయినా ఆ నిశ్శబ్దంలోనే ఆయన లేరన్న సత్యం నాకు పూర్తిగా అర్థమైంది. తరువాతి పేరు పిలవకుండానే పట్టీ మూసేశాను.

జగిత్యాల దిక్కు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడ స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు, కట్టిన రాజలింగం మా సైట్ ఫోర్‌మన్, మా అందరికీ రాజన్న. పెద్ద చదువులు చదవలేదు. కానీ నేనెరిగిన పాఠకులలో ఆయనే ఉత్తముడు. నేను కడపవాణ్ణి, అదే కంపెనీలో టైమ్‌కీపర్‌ని, ఆరేళ్ళు ఆయన పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సమాయిల్ సైట్‌లో ఉన్నప్పటి మాట. ఒక సాయంత్రం బస్సు చాలా దూరం వచ్చేశాక రాజన్న లేచి తలలు లెక్కపెట్టారు. ఒకటి తక్కువ. స్టీల్ కట్టే గంగారాం ఎండకు తాళలేక ప్లైవుడ్ షీట్ల చాటున పడుకుని నిద్రపోయాడు. నేనేమో పట్టీలో అందరూ ఎక్కినట్టు రాసేశాను. సూపర్‌వైజర్ ఫోన్లో ఎంత కేకలేసినా వినకుండా రాజన్న బస్సు వెనక్కి తిప్పించారు. నన్ను ఒక్క మాట అనలేదు. "మనిషిని ఇడిసిపెట్టొస్తే ఇంటికొచ్చినట్టా, కరీం?" అన్నారంతే. తలదించుకున్నాను. ఆనాటి నుంచి ఆయన లేచి "అందరున్నరా?" అని అడిగి లెక్కపెట్టాకే మా బస్సు కదిలేది.

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రాజన్న పుస్తకం చదివి వినిపించడం మా రూమ్ ఆచారం. చదవడం రాని గంగారాం అందరికంటే ముందు వచ్చి కూర్చునేవాడు. మొన్న సెలవుకు పోయినప్పుడు కడపలో నేనొక నవల కొన్నాను. విమానంలో నిద్రపోయి, ఒక్క పేజీ చదవకుండానే ఆయన చేతిలో పెట్టాను. జనం నిద్రనంతా లాక్కుని జాడీల్లో దాచుకున్న రాజు, వానకు కరిగి మళ్ళీ లేచే ఉప్పుకోట, ఆ నిద్రను దొంగిలించడానికి బయలుదేరిన అయిదుగురు దొంగలు. ఇదీ కథ. ఆ అయిదుగురిలో తాడు పట్టే మనిషి పేరు సింగన్న.

ఆ నవల మీద రాజన్నకు ప్రేమా, కోపమూ రెండూ మెండుగా ఉండేవి. "ఒక్క బుక్కుల కత ఒడిసిపోతది, రెండో భాగం మూడో భాగం అని సతాయించడు" అని మెచ్చుకునేవారు. కోటలోకి దిగే పథకం చదువుతుంటే ఆయన కళ్ళు వెలిగిపోయేవి. ఆపదలో మంత్రపుటుంగరం ఊడిపడినప్పుడు మాత్రం పుస్తకం మూసేశారు. "మంత్రమే ఉంటే గింత ప్లానెందుకు? సగం మేస్త్రీ కట్టిండు, సగం కాంట్రాక్టర్ కట్టిండు" అన్నారు. మొండిమనిషి, నచ్చనిదాన్ని నచ్చిందనే రకం కాదు.

ఒక శుక్రవారం, ఆనాటి అధ్యాయం ముందుగా చూసుకుని, ముఖం మాడ్చుకుని వచ్చారు. "ఈ రాసినాయనకు మనుషుల్ని లెక్కపెట్టుడు తెల్వది" అన్నారు. ఏమైందని అడిగితే "ఏం లేదు, ఇను" అని చదవడం మొదలుపెట్టారు. అలా నాలుగు వారాలు గడిచి, చివరి అధ్యాయం ఒక్కటి మిగిలింది. అది చదవాల్సిన శుక్రవారానికి ఆయన లేరు.

గురువారం ఆయన భౌతికకాయాన్ని ఊరికి పంపించి వచ్చాక గంగారాం నా దగ్గరికొచ్చాడు. "ఆఖరిది నువ్వు సదువు, కరీం సాబ్. సింగన్న బయటపడ్తడో లేదో తెల్వాలె."

ముందుగా ఒకసారి చూసుకుందామని పుస్తకం తెరిచాను. పదమూడో అధ్యాయంలోనే, కోట కరుగుతుంటే, మిగతా నలుగురూ సింగన్నను లోపలే వదిలి పారిపోయారు. రచయిత దాన్ని త్యాగమన్నాడు. ఆ తరువాత పుస్తకంలో సింగన్న లేడు. మరి నాలుగు వారాలుగా మేం విన్న సింగన్న ఎవరు? తాడు భుజాన వేసుకుని వెనకాల నడుస్తూ, ప్రతి మలుపులోనూ "అందరున్నరా?" అని అడిగినవాడు? ఆ ప్రశ్న ఎవరిదో తెలిసీ గుర్తుపట్టలేకపోయిన నా మీద నాకే కోపం వచ్చింది. పేజీ అంచున పెన్సిల్‌తో రాజన్న అక్షరాలు: "తనంతట తను ఉంటే త్యాగం. ఇడిసిపెడితే కాదు. ఇది నేను సదువ."

శుక్రవారం అందరూ కూర్చున్నారు. ఉన్నది ఉన్నట్టు చదివితే రాజన్న నెల రోజులు కాపాడిన మనిషిని నా నోటితో చంపినట్టవుతుంది. చదవకపోతే ఏం చెప్పాలో నాకు చేతకాదు, ఆయనలా కల్పించే విద్య నాకు లేదు. మొదలుపెట్టాను. నలుగురూ పడవెక్కారు. తెడ్లు వేశారు. ఇక ఏమనాలో తెలియక ఆగిపోయాను.

"సింగన్నను లెక్కపెట్టలే సాబ్" అన్నాడు గంగారాం. "పడవ మల్పుమను."

నేను పుస్తకం మూసి, పడవ వెనక్కి తిప్పాను. సింగన్న తాడుతో సహా ఎక్కేదాకా కదలనివ్వలేదు. నా కల్పన అతుకులబొంతగానే ఉండి ఉంటుంది. గంగారాం మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను.

పుస్తకంలోని మనిషిని సైతం వదిలిరాని ఆ మహానుభావుడికి మా రూమ్ తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మంచి ఫోర్‌మన్లు మళ్ళీ వస్తారేమో. రాజన్న రారు.

శనివారం డ్యూటీ అయ్యాక బస్సులో నేనే లేచి నిలబడ్డాను. "అందరున్నరా?" అని అడిగి, ఒక్కొక్క తలా లెక్కపెట్టాను. రాజన్న పేరు కొట్టేసిన పట్టీ ప్రకారం సరిగ్గా సరిపోయింది. "చలేఁ, భాయ్?" అని, బయల్దేరదామా అన్నట్టు చూశాడు డ్రైవర్. వెంటనే సరేననలేకపోయాను.