అక్క నిద్రపోయిన కారు

పూతలపట్టు కూడలికి కాస్త ముందు, స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరిపడగానే మా అక్క నోటినుంచి ఒక చప్పుడు వచ్చింది. అరుపు కాదు. గుండెల్లో ఉన్న ఊపిరంతా ఒక్కసారిగా బయటికి వచ్చినట్టు ఉంది. "ఆపు నాయనా, ఆపు," అంది. పక్కకు తీసి ఆపాను. ఆమె దిగడానికి చాలాసేపు పట్టింది. నా కారు నేలకు అంత దగ్గరగా ఉండేది మరి. దిగి, రోడ్డు పక్కనున్న రాయి మీద కూర్చుని, సూదులు గుచ్చినచోట కట్టు కట్టిన ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుంది.

అప్పటికి అక్కకు డయాలిసిస్ మొదలై రెండు వారాలు. షుగరు ఆమె మూత్రపిండాలను తినేసింది. చిత్తూరులో మాకు చోటు దొరకలేదు. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో వారానికి మూడు ఉదయాలు ఇచ్చారు. తెల్లవారుజామున అయిదింటికి చిత్తూరులో బయలుదేరితే, ఆమె నాలుగు గంటలు మిషన్ మీద ఉండి లేచాక, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్లం. పోయేటప్పుడు ఫరవాలేదు. వచ్చేటప్పుడే ఆమె ఒంట్లో సత్తువ ఉండేది కాదు. కాళ్లు పట్టేసేవి, కడుపులో తిప్పేది. ప్రతి గుంతా ఆమెకు విడిగా తెలిసేది.

"నేను బస్సులో పోతానులేరా రేపటినుంచి," అంది.

"బస్సులో నిలబడాల్సి వస్తే?"

"నిలబడతా. బస్సుకు నా మీద కోపం లేదు. నీ కారుకే నేనంటే గిట్టేటట్టు లేదు."

నవ్వుతూనే అంది. కానీ ఆ రాయి మీదనుంచి లేవడానికి నా భుజం పట్టుకోవలసి వచ్చింది. మిగిలిన దారంతా ఇరవై కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపాను. వెనక వచ్చిన ప్రతి లారీ హారన్ కొట్టింది.

ఆ కారు గురించి చెప్పాలి. నాకు పెళ్లై ఎనిమిది నెలలకే భార్య వెళ్లిపోయింది. గొడవలేమీ లేవు. ఒకరోజు పుట్టింటికి వెళ్లి, ఇక రానని కబురు చేసింది. తర్వాతి సంవత్సరం నేను టర్బో ఉన్న చిన్న పెట్రోల్ కారు ఒకటి పాతది కొన్నాను. టర్బో అంటే పెద్ద విద్యేమీ కాదు. ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ ఊపుకి ఒక చిన్న చక్రం గిరగిరా తిరుగుతుంది. అది మరో చక్రాన్ని తిప్పి, ఇంజన్‌లోకి గాలిని అదిమి పంపుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువవుతుంది. నేను పనిచేసేది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, బాయిలర్ దగ్గర. అదిమిన గాలి, అదిమిన ఆవిరి నాకు అర్థమయ్యే సంగతులు. మనుషుల సంగతే నాకు అంతగా తెలిసేది కాదు.

అయిదేళ్లపాటు ఆదివారాలన్నీ ఆ కారుకే ఇచ్చాను. పెద్ద టర్బో పెట్టించాను. గట్టి స్ప్రింగులు వేయించి నేలకు దించాను. సైలెన్సర్ తీసేసి లావు గొట్టం వేయించాను. బరువు తగ్గాలని వెనక సీటు పీకేశాను. ముందు రెండూ పందెం కార్లలో ఉండే, తొట్టిలా ఒంటిని బిగించే గట్టి సీట్లు. అందులో రెండోది ఎప్పుడూ ఖాళీయే. ఆదివారం పొద్దున్నే మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు దాకా పోయేవాణ్ని. అక్కడ బెంగళూరు నుంచి వచ్చిన కార్లవాళ్లు కొందరు కలిసేవారు. బానెట్లు ఎత్తిపెట్టి గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్లం. వాళ్ల కార్లలో ఏ భాగం ఏమిటో నాకు తెలుసు. పెళ్లైనవాళ్లెవరో, పిల్లలున్నవాళ్లెవరో తెలియదు. వాళ్లూ నన్ను అడగలేదు.

బావ పోయాక అక్క నా ఇంటికి వచ్చింది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయినప్పుడు నా తల దువ్వి బడికి పంపింది ఆమే. అయినా ఒకే ఇంట్లో ఉంటూ మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆమె ముందు గదిలో జాకెట్లు కుట్టేది. నేను డ్యూటీకి పోయేవాణ్ని, లేకపోతే కారు కింద దూరేవాణ్ని. అన్నం పెట్టాననో, నీళ్లొచ్చాయనో ఒక మాట, అంతే.

ఆ మధ్యాహ్నం ఆమెను పడుకోబెట్టి నేను మళ్లీ పూతలపట్టుకు వెళ్లాను. అక్కడ ఒక మెకానిక్ ఉన్నాడు. అరవై ఏళ్ల మనిషి, పాల వ్యాన్లూ ట్రాక్టర్లూ చూసేవాడు. నా కారు లాంటిది ఆయన షెడ్డుకు ఎప్పుడూ వచ్చినట్టు లేదు. చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కిందికి చూశాడు.

"మంచి బండిని ఇట్ల ఎవురప్పా చెడగొట్టినారు?"

"నేనే," అన్నాను.

ఎందుకొచ్చానో చెప్పాను. ఆయన విని, చేతులు తుడుచుకుని, పక్క సీట్లో దిగబడి కూర్చున్నాడు.

"పేషెంటు కూసుండేది ఈడే కదా? నువ్వు నడుపు. నేను కండ్లు మూసుకుంటా."

కాణిపాకం రోడ్డు దాకా పోయి వచ్చాం. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. గుంత తగిలినప్పుడల్లా ఎక్కడ నొప్పి పుట్టిందో చెప్పేవాడు. "నడుము." "మెడ." "మళ్లీ నడుము." కాస్త రోడ్డు బాగున్నచోట నేను అలవాటుకొద్దీ యాక్సిలరేటర్ తొక్కాను. పెద్ద టర్బో సంగతి అదే. కాసేపు ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా వెనకనుంచి తోసినట్టు ఉంటుంది. ఆయన తల సీటుకు కొట్టుకుంది.

"కడుపు," అన్నాడు. "ఇది కడుపులో తిప్పేది. స్ప్రింగులొకటి మారిస్తే సాలదప్పా. అన్నీ మార్సల్ల."

కారుతోపాటు వచ్చిన పాత భాగాలు నా దగ్గర లేవు. ఇక అవసరం రాదనుకుని ఎవరెవరికో ఇచ్చేశాను. వెతగ్గా వెతగ్గా, తడ దగ్గర పాత బండ్లు విడగొట్టే యార్డులో అదే కారు ఒకటి ఉందని తెలిసింది. ఒక శుక్రవారం సెలవు పెట్టి వెళ్లాను. కారు కుడి వైపు లారీ తగిలి నలిగిపోయి ఉంది. ఎడమ వైపు మాత్రం నిన్న షోరూంలోంచి వచ్చినట్టుంది.

"దీంట్లో ఎవరైనా..." అని ఆగాను.

యార్డు మనిషికి ఆ ప్రశ్న అలవాటే. "బండోనికి చెయ్యి ఇరిగింది సార్. అంతే. పక్కన వాళ్ల ఆడమనిషి ఉండింది, ఆమెకు ఏమీ కాలేదు. మనసులో పెట్టుకోకుండా తీసుకుపో."

నాలుగు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, చిన్న టర్బో, సైలెన్సర్, వెనక సీటు విప్పించాను. చివరికి ముందరి ఎడమ సీటు. అది బాగా వెనక్కి జరిపి, వాల్చి ఉంది. తల ఆనే చోట బట్ట కాస్త నున్నగా అరిగింది. ఆ మనిషి రోజూ అందులో నిద్రపోయేది కాబోలు. పక్కన నడిపేవాడిమీద ఎంత నమ్మకం ఉంటే అలా నిద్ర పడుతుంది! నా పక్కన ఎవరూ నిద్రపోయిన గుర్తు నాకు లేదు. యార్డు మనిషి పిలిచేదాకా ఆ సీటు ముందు అలాగే నిలబడి ఉన్నాను.

పని అయ్యేసరికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ అక్క బస్సులోనే వెళ్లింది, నేనూ ఆమెతోపాటు వెళ్లాను. కారుకు సీటు మార్పిస్తున్నానని మాత్రమే ఆమెకు చెప్పాను. టైర్లు ఎత్తుగా ఉండేవి వేయించాం. ఇంజన్‌కు ఎంత గాలి, ఎంత పెట్రోలు అని చెప్పే కంప్యూటర్‌ను మళ్లీ సర్దడానికి బెంగళూరులో నాకు తెలిసినతన్ని పిలిస్తే ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. "అందరూ పెంచమంటారన్నా. తగ్గించమనింది నువ్వొక్కడివే," అన్నాడు. తొక్కగానే మెల్లగా, వెన్నలో కత్తి దిగినట్టు బలం రావాలన్నాను. మూడుసార్లు మార్పించాను. మెకానిక్ మళ్లీ పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఈసారి కాణిపాకం రోడ్డు దాకా ఒక్క మాటా రాలేదు. తిరిగి షెడ్డు ముందు ఆపాక కళ్లు తెరిచి, "ఇంగ పిల్సుకోని పో ఆ తల్లిని," అన్నాడు.

మర్నాడు తిరుపతి నుంచి వస్తూ చంద్రగిరి దాటకముందే అక్క నిద్రపోయింది. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. నేను రేడియో కూడా పెట్టలేదు. స్ప్రింగుల సంగతి, టర్బో సంగతి, తడ యార్డు సంగతి, అన్నీ ఆమెకు చెప్పాలని మనసులో వరుసగా పెట్టుకుని ఉన్నాను. చిత్తూరు ఊళ్లోకి వచ్చాక లేచి, కిటికీలోంచి చూసి అంది:

"రోడ్డు బాగా ఏసినట్టుండారే నాయనా. ఒక్క కుదుపు కూడా తెలీలేదు."

నేను ఆమె ముఖం చూశాను. ఎగతాళి కాదు. నిజంగానే అనుకుంది.

"అవునక్కా," అన్నాను. "కొత్తగా వేసినారు."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అయిదేళ్లు నా చేతులతో చేసుకున్నది పది రోజుల్లో విప్పేశాను, అది ఎవరికోసమో తెలిసినవాడు పూతలపట్టు మెకానిక్ ఒక్కడే. చెబితే ఆమె బాధపడుతుందనుకున్నానేమో. ఆమె మెచ్చుకుంటే తట్టుకోలేననీ అనుకున్నానేమో.

రెండేళ్లు అలా తిరిగాం. కారులో చప్పుడు పోయాక మాట వినిపించడం మొదలైంది. పోయేటప్పుడు, చీకటి విడిపోతున్న వేళ, అక్క మాట్లాడేది. ఎవరి జాకెట్టుకు చేతులు పొట్టిగా కుట్టిందో, అమ్మ గొంతు ఎలా ఉండేదో చెప్పేది. ఒక ఉదయం, పాకాల దారి దాటుతుండగా, ఏ ముందుమాటా లేకుండా అంది:

"నీ పెండ్లాం పుట్టింటికి పోయినాక నేను ఆ పాప దగ్గరికి పోయినాను. నీకు చెప్పలేదు."

నేను రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు.

"కొట్టినాడా, తిట్టినాడా అని అడిగితే, లేదొదినా, ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటాడు, నాకు బయమైతాది అనింది. నేను ఇంగేమీ అడగలేక లేచి వచ్చేసినా."

"అప్పుడే చెప్పుంటే..."

"చెప్తే నువ్వు ఆ కారేదో ఇంగా ముందే కొని, దాని కింద దూరుంటావు," అంది అక్క. కోపంగా కాదు. తర్వాత నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, గేరు మార్చాల్సి వచ్చినప్పుడు తీసింది. ఆమె మిషన్ మీద ఉన్న నాలుగు గంటలూ నేను ఆసుపత్రి బయట కారులోనే కూర్చున్నాను. ఆ అమ్మాయికి ఒక ఉత్తరం ముక్క రాయాలనిపించింది. ఆమెకు మళ్లీ పెళ్లై చాలా కాలమైంది. రాయలేదు.

ఆ తర్వాత చిత్తూరులోనే కొత్త డయాలిసిస్ సెంటర్ మొదలైంది, అక్కకు చోటు దొరికింది. మా ఇంటికి రెండు కిలోమీటర్లు. పక్క వీధిలో ఇంకో ఆవిడకూ అదే వేళ. ఇద్దరూ ఒకే ఆటో మాట్లాడుకున్నారు. మొదటి రోజు నేను కారు బయటికి తీసి తుడిచి ఉంచాను.

"ఎందుకు నాయనా నీకు శ్రమ? ఆటో వాకిట్లోకే వస్తాది. ఆయమ్మ ఉంటే మాటలకు మాటలూ ఉంటాయి," అంది. ఆటో కదిలాక ఇద్దరూ దేనికో పకపకా నవ్వడం వీధి చివరిదాకా వినిపించింది. నాకు సంతోషంగానే ఉంది. నిజంగానే. కారు లోపలికి పెట్టేశాను.

ఒక ఆదివారం మొగిలి ఘాట్‌కు పోయాను. మలుపుల్లో కారు పక్కకు ఒరిగింది, తొందరపడనంది. నన్ను దాటిపోయిన కార్లలో ఒకటి పాత తెలిసినవాడిదే. నా బండిని గుర్తుపట్టలేదు. పలమనేరులో టీ తాగి వెనక్కి తిరిగాను. మళ్లీ గట్టి స్ప్రింగులు వేయించుకోవచ్చు, పెద్ద టర్బో ఇంట్లో అటక మీదే ఉంది. వేయించుకోవాలని అనిపించలేదు. ఇప్పుడు ఆ కారునే డ్యూటీకి తీసుకుపోతున్నాను.

ఇది తోతాపురి మామిడి కాలం. మొన్న ఫ్యాక్టరీ గేటు ముందు కాయల ట్రాక్టర్లు కిలోమీటరు పొడవున నిలబడి, దారి మూసుకుపోయింది. ఇంజన్ ఆపి కూర్చున్నాను. అక్కకు ఫోన్ చేశాను. ఆమె మిషన్ మీద ఉంది. వెనక టీవీ మోత, ఆడవాళ్ల మాటలు.

"ఏం నాయనా, ఏమైనా పనా?"

"ఏం లేదక్కా. ఊరికే చేసినా."

"సరే, ఉంటా. ఈడ సీరియల్ వస్తా ఉండాది," అని పెట్టేసింది.

కిటికీ దించాను. మాగిన కాయల వాసన లోపలికి వచ్చింది. ముందరి ట్రాక్టరు డ్రైవరు కాయల మీద గోనెపట్ట పరుచుకుని పడుకున్నాడు. వరస కదిలేదాకా, ఇంకో అరగంట, అక్కడే కూర్చున్నాను.