మూఢంలో వచ్చిన కారు

మా మేనమామకు వెనక సీట్లో కూర్చోవడం చేతకాదు. మీసాలు రాకముందే కర్నూలులో లారీ క్లీనరుగా ఎక్కి, డ్రైవరై, నడివయసుకు సొంతంగా లారీలు తిప్పినవాడు. బస్సెక్కినా డ్రైవరుకు దగ్గరగా కూర్చుని, ఆ మనిషి గేరు మార్చినప్పుడల్లా తన ఎడమకాలు నేలకేసి తొక్కేవాడు. అలాంటి మనిషికి షుగరు ముదిరి, బొటనవేలి దగ్గర పుండు మానక, ఆ ఎడమకాలే మోకాలి కింద తీసేశారు.

తొంభైల చివర్లో నేను ఉద్యోగానికని హైదరాబాదు వచ్చి బోరబండలో వాళ్ళింట్లోనే దిగాను. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ లోటు తీరేలా మామ నన్ను ముద్దు చేస్తే, అదే లోటు తీరేలా అత్త నన్ను తిట్టేది. మాదాపూర్‌లో హైటెక్ సిటీ భవనం అప్పుడప్పుడే తెరిచారు. మా ఆఫీసు అందులోనే. చుట్టూ గుట్టలు, బండరాళ్ళు, వాటి మధ్య కొత్తగా పరిచిన వెడల్పాటి రోడ్లు. సాయంత్రం వాళ్ళ పాత కారులో నన్ను తీసుకుపోవడానికి డ్రైవరుతో పాటు మామ కూడా వచ్చేవాడు. నా కోసం అనేవాడు గానీ ఆ రోడ్ల కోసమే వచ్చేవాడని నాకు తెలుసు.

"ఇంత నున్నటి రోడ్డు నా సర్వీసులో చూడలేదు పాపా. పాడు కాలు, ఇది వేసినాక పోయింటే ఏమి?" అనేవాడు.

డ్రైవరు బోరబండవాడే. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. మామ పక్క సీట్లో కూర్చుని ఆయన్ను కాల్చుకుతినేవాడు. హారను కొడితే ఎందుకు కొట్టావని, కొట్టకపోతే ఎందుకు కొట్టలేదని. "సార్, గిట్లయితే నేనేం నడపాలె? మీరే నడుపుండ్రి," అని ఆయన ఒకసారి విసుగులో నోరు జారాడు. మామ ఇల్లు చేరేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటి ముందు డ్రైవరు దిగి మామ చేతులు పట్టుకుంటే, "నువ్వన్నదాంట్లో తప్పేముందబ్బా, నడపగలిగితే నడుపుదును," అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

క్లచ్ లేని కారు సంగతి ఇంటికి మోసుకొచ్చింది నేనే. మా ఆఫీసుకు వచ్చిన ఒక విదేశీ పెద్దమనిషి అలాంటి దాంట్లో తిరిగేవాడు. గేరు దానంతటదే మారుతుందని, ఎడమకాలికి పనే లేదని చెప్పినప్పుడు మామ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. మరునాడు నన్ను ఆఫీసుకు పోనివ్వలేదు. విదేశాల నుంచి కార్లు తెప్పించే షోరూముకు తీసుకుపోయాడు. జపాను నుంచి ఓడలో వస్తుందన్నారు. మామ రెండు లారీలు అమ్మేశాడు. రవాణా ఆఫీసులో అడిగితే, బండి తెచ్చుకుని మా ముందు నడిపి చూపించండి, నడపగలిగితే లైసెన్సు సంగతి చూద్దాం అన్నారు. షుగరు డాక్టరు కూడా కుడికాలు గట్టిగానే ఉంది, కళ్ళు ఇప్పటికి బాగానే ఉన్నాయి, నడుపుకోవచ్చు అన్నాడు. ఆ "ఇప్పటికి" అన్న మాట మా ముగ్గురిలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

అత్త ఆ ఆనందంలో వీధంతా చాటింది. అయితే ఆటోమేటిక్ అనే మాట ఆమె నోరు తిరక్క, "మా ఆయన ఆటో బుక్ చేసినాడు" అని చెప్పింది. పక్కింటావిడ జాలిగా, "కాలు లేకపాయె, ఆటో ఎవరు నడుపుతరు? కిరాయికిస్తరా?" అని అడిగింది. మామ వారం పాటు అత్తను ఏడిపించాడు. తను ఖాకీ చొక్కా కుట్టించుకుంటానని, నువ్వు స్టేషను దగ్గర నిలబడి గిరాకీ పిలవమని.

ఎదురుచూపులు మొదలయ్యాయి. పొద్దున్నే మామ మా పాత కారులో స్టీరింగు ముందు కూర్చుని, కట్టెకాలిని పక్కకు మడిచి, కుడికాలొక్కదానితోనే బ్రేకూ యాక్సిలరేటరూ మార్చి మార్చి తొక్కుతూ సాధన చేసేవాడు. ఇంజను ఆపి ఉండేది. అయినా మలుపు వచ్చినట్టు అద్దంలో చూసుకునేవాడు. అత్త కాఫీ గ్లాసు కిటికీలోంచి అందిస్తూ "ఏ ఊరు దాటినావయ్యా?" అని అడిగితే, "ఇప్పుడే జడ్చర్ల" అనేవాడు.

ఓడ వచ్చేసిందని కబురొచ్చిన కొద్ది రోజులకే రేవులో సమ్మె మొదలైంది. షోరూము మేనేజరు కోస్తావాడు, మహా మర్యాదస్తుడు. "ఓడ వచ్చేసిందండీ. రేవు బయటే ఉందండీ. దించే మనుషులే లేరండీ," అని ప్రతిసారీ అదే పాట. నేను ఆఫీసులో నత్తలా నడిచే ఇంటర్నెట్లో సమ్మె వార్తలు వెతికేదాన్ని. దొరికిన రోజున ఇంటికొచ్చి ఆ కార్మికులను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. మామ ఊరుకునేవాడు కాదు.

"వాళ్ళనేమీ అనొద్దు పాపా. కడుపు కాలకుంటే ఎవుడూ పని ఆపడు. మేము లారీలు ఆపినప్పుడు ఎంతమంది టమాటాలు రోడ్డు మీద కుళ్ళిపోయినాయో నీకేం తెలుసు? ఆ పొద్దు వాళ్ళు మమ్మల్ని తిట్టినారు, ఈ పొద్దు నువ్వు వీళ్ళను తిడతాండావు."

"అయితే నీ కారు కుళ్ళిపోనీ," అన్నాను కోపంగా. ఆయన నవ్వాడు.

సమ్మె విరమించారని పేపర్లో చూసిన పొద్దున అత్త పాయసం చేసింది. తొందరపడింది. సమ్మె ఆగినంత మాత్రాన కారు రాదని మాకప్పుడు తెలిసింది. రేవు బయట ఓడలు బారులు తీరి ఉన్నాయి. ముందు ఎరువులు దించాలి, నూనెలు దించాలి, తిండిగింజలు దించాలి. పెద్దింటివాళ్ళు షోకుకు కొనుక్కునే కార్లకు తొందరేముంది? చివరికి పెట్టారు. మా కారు షోకు కాదని రేవులో ఎవరికి చెప్పాలి? దించాక సుంకంవాళ్ళ దగ్గర కాగితాల రద్దీ. యార్డులో ఎండకూ ఉప్పుగాలికీ నిలబడి బ్యాటరీ చచ్చిపోయింది. అది మార్చి, పెద్ద ట్రెయిలరు మీదకు ఎక్కించి, హైదరాబాదు చేర్చేసరికి ఆ పొద్దు చేసిన పాయసం రుచి కూడా మేం మరిచిపోయాం.

"రేపొచ్చి తీసుకెళ్ళిపోవచ్చండీ," అని మేనేజరు ఫోను చేశాడు. మామ ఫోను పెట్టేసి, చొక్కా ఇస్త్రీ చేయమని కేకేశాడు. అత్త రాలేదు. గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి ఉంది.

"మూఢం వచ్చిందయ్యా," అంది.

మూఢమంటే మా వైపు అన్ని శుభకార్యాలూ ఆగిపోతాయి. పెళ్ళి లేదు, గృహప్రవేశం లేదు, కొత్త బండి గడప ముందు నిలపడం లేదు. సమ్మె లేకపోయి ఉంటే మూఢానికి చాలా ముందే కారు మా ఇంటి ముందుండేది. ఈసారి వారాల తరబడి ఉంటుందని క్యాలెండరు చెబుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓడకు మూఢం లేదా, ట్రెయిలరుకు మూఢం లేదా, మనకే ఎందుకొచ్చిందని అత్త మీద అరిచాను. అత్త నా వైపు చూడనైనా లేదు. మామతోనే మాట్లాడింది.

"లారీలు కొన్నప్పుడల్లా చెప్పినా, ఒక్కసారి ఇనలేదు. కాలు తీసిన పొద్దు కూడా నేనేమీ అనలేదు. నాకు భయమైతాండాది. ఈ ఒక్కటీ ఇను."

మామకు దేవుడున్నాడో లేడో కూడా పట్టింపు లేదు. మూఢాల్లోనే చవగ్గా దొరుకుతాయని లారీలు కొన్న మనిషి. "పోవే" అంటాడని ఎదురుచూశాను. ఆయన అత్త మొహంలోకి చూశాడు. ఆసుపత్రిలో ఆమె నేల మీద పడుకున్న రోజులు గుర్తొచ్చాయేమో.

"సరేలే. సముద్రం మీద అన్నాళ్ళుంది, షోరూములో ఇంకొన్నాళ్ళుంటే ఏం తరుగుతాది," అన్నాడు.

ఆ మూఢమంతా సాయంత్రం నన్ను ఆఫీసు నుంచి తెచ్చేటప్పుడు షోరూము మీదుగా తిప్పించేవాడు. అద్దాల వెనక మా కారు నిలబడి ఉండేది. పాలమీగడ రంగు. కారు దిగకుండా కిటికీలోంచే చూసేవాడు. మేనేజరు పరుగున బయటికొచ్చి, "లోపలికి రండి సార్, ఇంటికి తీసుకెళ్ళకపోతే మానెయ్యండి, ఒక్క రౌండు వెయ్యండి," అని బతిమాలాడు. డ్రైవరు కూడా, "గీడ్నే ఒక చక్కర్ కొట్టుండ్రి సార్. అమ్మకు నేను చెప్ప, ఈ బిడ్డ చెప్పదు," అన్నాడు. నేను కూడా సైగ చేశాను.

"మాటిచ్చినా గదబ్బా," అన్నాడు మామ. తరవాత వెనక్కి వంగి నా చెవిలో, "ఒక్కసారి కూర్చుంటే మళ్ళా దిగలేను పాపా," అన్నాడు.

మూఢం ఇంకా పోలేదు. ఒక ఉదయం మామ మొహం కడుక్కుంటూ, "ఇంట్లో ఇంత పొగేందే?" అని అత్తను కేకేశాడు. పొయ్యి కూడా వెలిగించలేదు. అత్త ఆ మాటే చెప్పింది. ఆయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆసుపత్రిలో కంటి లోపల రక్తం చిమ్మిందన్నారు. షుగరు వల్లేనన్నారు. రెండో కన్ను ఎప్పటినుంచో మసకేసి ఉందట. ఒక కన్నుతో సర్దుకుపోతున్న సంగతి ఆయనకే తెలియలేదు. లేజరు కొట్టారు, ఆపరేషను చేశారు. చివరికి మిగిలింది వెలుతురూ నీడలూ, దగ్గరికొస్తే మనిషి ఆకారం.

మూఢం పోయాక కారు వచ్చింది. గుమ్మడికాయ కొట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మామ చేత్తో తడిమి కారు చుట్టూ తిరిగాడు. "ఆ పాలమీగడ రంగే గదా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఎవరూ ఏడవలేదు గానీ అది పండగ కాదు. రవాణా ఆఫీసు మాట ఎవరమూ ఎత్తలేదు. అత్త ఆ రోజు నుంచి క్యాలెండరు చూడటం మానేసింది. ఆమెను ఒక్క మాట కూడా అనలేదు నేను. అననక్కర లేకపోయింది. రేవులో ఓడ ఆగిన రోజుల కన్నా షోరూములో కారు ఆగిన రోజులే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధిస్తాయి. సముద్రం మా చేతిలో లేదు. షోరూము మా ఇంటి దారిలోనే ఉంది.

ఒక ఆదివారం ఉదయం అత్తనూ నన్నూ కొత్త కారెక్కించి, హైటెక్ సిటీ వెనక కొత్త రోడ్డు మీదికి పోనిమ్మన్నాడు మామ. ఆదివారాలు ఆ రోడ్డు మీద ఎవరూ ఉండేవారు కాదు. అక్కడ కారు ఆపించి డ్రైవరును దిగమన్నాడు. ఆయన దిగి భయంగా నా వైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను. వద్దంటుందనుకున్నాను. ఆమె గబగబా దిగి, మామను చెయ్యి పట్టి స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తను పక్క సీట్లో కూర్చుంది.

"రోడ్డు నేరుగా ఉండాది. ఎవురూ లేరు. నేను చూస్తా, నువ్వు పోనీ," అంది.

డ్రైవరు గేరు చూపించి పక్కకు తప్పుకున్నాడు. మామ కుడికాలు మెత్తగా నొక్కాడు. కారు కదిలింది. మనిషి నడిచే వేగం, అంతకన్నా ఎక్కువ కాదు. "కొంచెం కుడికి. చాలు. ఇట్లే పో," అని అత్త చెబుతూ ఉంది. వెనక నుంచి ఆయన భుజాలు చూశాను. మా ఊరి లారీ రోజుల్లోలాగా తేలికపడ్డాయి. నాకు ఆశ పుట్టింది కూడా.

"ముందర ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

"ఏమీ లేదు. అంతా ఖాళీనే."

ఆయన బ్రేకు తొక్కాడు. కారు ఆగిపోయింది.

"ఎందుకాపినావు? నిజంగానే ఏమీ లేదయ్యా," అంది అత్త కంగారుగా.

"నువ్వు చెప్తేనే గదే నాకు తెలిసేది. ఇది నడపడం కాదులే. చాలు," అన్నాడు మామ. గొంతులో కోపం లేదు. ఇంజను ఆపడానికి చెయ్యి చాచాడు. అత్త ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ స్టీరింగు మీద పెట్టింది. ఆయన తీశాడు. ఆమె మళ్ళీ పెట్టింది. ఈసారి రెండు చేతులతో అదిమి పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తూ, "ఇంకొంచెం దూరం పోదాం, ఇంకొంచెం," అని అడుగుతూనే ఉంది.