రెండు డిస్కుల పెట్టె

పాల్వంచలో మాకొక ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళకు వెళ్ళి వీడియో తీయడం మా ఆయన పని. తెచ్చినదాన్ని కంప్యూటర్లో కత్తిరించి, పాటలు వేసి, చూడబుద్ధయ్యేలా చేయడం నా పని. దాన్ని మా ధందాలో మిక్సింగ్ అంటారు. మిక్సింగులో నేను అన్నిటికంటే ముందు చేసేది మా ఆయన గొంతు తీసేయడం.

ఎందుకంటే ఆయన నోరు ఊరుకునేది కాదు. "జరగండి, జరగండి! ఓ పెద్దమ్మా, జర పక్కకు! పిల్లా, తల ఎత్తు. అన్నా, నవ్వితే నీ సొమ్మేం పోతది?" కెమెరా వెనక నుంచి ఎప్పుడూ ఇదే గోల. తాళి కట్టే వేళ పంతులు మంత్రాల కంటే ఈయన అరుపే పెద్దగా పడేది. నేను మొత్తం మ్యూట్ చేసి పాట వేసేదాన్ని.

"నా నోరు మూయించటానికే దొరికినవే నువ్వు" అనేవాడు.

"ఇంట్ల ఎట్లాగు మూయవు. గీడనన్న మూయించనీ" అనేదాన్ని.

ఆయన పోయి రెండు వానాకాలాలు దాటాయి. గుండె ఆగిపోయింది, దవాఖానాకు తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు. తర్వాత వెతికితే ఇంట్లో ఆయన ఫోటోలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఊరందరినీ తీసిన మనిషిని తీసినవాళ్ళు లేరు. గొంతు మిగిలి ఉంటే మిక్సింగుకు ముందరి వీడియోల్లోనే ఉండాలి. అవేమో మేం ఉంచం. పార్టీ, అంటే పెళ్ళివాళ్ళు, వచ్చి ఆల్బమూ పెన్‌డ్రైవూ పట్టుకెళ్ళగానే హార్డ్ డిస్క్ ఖాళీ చేసి, వచ్చే ముహూర్తాలకు వాడుకుంటాం.

మిగిలినవల్లా ఆల్బమ్‌కు ఫోటోలు ఏరివ్వని పార్టీలవే. మా దగ్గర ఇదొక జబ్బు. పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, ఫోటోలు మాత్రం ఏరరు. అడిగితే "ఈ ఐతారం కూసుంటం అక్కా" అంటారు. కొత్తగూడెం గని క్వార్టర్లలో ఒక కుటుంబం ఉంది. కవర్ మీద తలంబ్రాల ఫోటో ఉండాలని కోడలు, తాను ముందు నిలబడ్డ గ్రూప్ ఫోటో ఉండాలని అత్త. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ వాళ్ళను తిట్టని రోజు లేదు. ఇప్పుడు నేను ఆ అత్తాకోడళ్ళకు చేతులెత్తి మొక్కుతున్నాను. అలాంటివాళ్ళ పుణ్యమా అని పాత హార్డ్ డిస్కుల్లో కొన్నిట్లో ఆయన అరుపులు మిగిలాయి.

ఈ మధ్య వాళ్ళ పెళ్ళి ఉన్న డిస్కే టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వచ్చిన డిస్క్ ఎన్నాళ్ళో ఉండదని మా ధందాలో అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఖమ్మం వెళ్ళి, మాకు కంప్యూటర్ సామాను ఇచ్చే షాపతని ముందు కూర్చున్నాను.

"ఇగ గీ విడి డిస్కులు బంద్ చెయ్ అక్కా" అంటూ అతను చిన్న నల్ల పెట్టె ఒకటి ముందు పెట్టాడు. "నెట్‌వర్క్ స్టోరేజ్ అంటరు దీన్ని. నీ ఇంటర్నెట్ రూటర్‌కు వైరు తగిలిస్తే స్టూడియోల ఏ కంప్యూటర్ నుంచైనా దీంట్ల పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు. లోపల రెండు డిస్కులు పడతయ్."

"రెండెందుకు తమ్ముడూ?"

"రెండూ కలిపి వాడితే జాగ ఎక్కువ. లేదంటే మిర్రర్ పెట్టుకో. ఒకదాంట్ల ఏది పడితే రెండోదాంట్ల గదే పడతది. ఒకటి ఖరాబైనా ఇంకోటి ఉంటది. కాని జాగ సగమే." పెట్టె మూత తీసి చూపిస్తూ అన్నాడు. "ధందాకైతే జాగే చూసుకో. ఇప్పుడు పార్టీలన్ని ఫోర్‌కే వీడియోలే అడుగుతున్నయ్, అవి పెద్ద ఫైళ్ళు, ఎంత జాగైనా సాలదు. నాలుగు డిస్కుల పెట్టె ఉంది గాని నీకు భారమైతది."

అతను చెప్పింది నిజమే. పెళ్ళిళ్ళు తీయడానికి ఇప్పుడు వేరే మనిషిని పెట్టుకున్నాను, సీజను నెత్తి మీదే ఉంది, జాగా కావాలి.

"మిర్రరే పెట్టు" అన్నాను.

"ఏముందక్కా గంత ముఖ్యమైంది?"

"మీ అన్న అరుపులు."

అతనికి మా ఆయన బాగా తెలుసు. తల వంచుకుని డిస్కులు బిగించాడు. పెట్టె చేతికిస్తూ, "ఒక్కటి యాది పెట్టుకో. డిస్క్ పోతే ఇది కాపాడతది. నువ్వే చేత్తోని డిలీట్ చేస్తే రెండిట్ల నుంచి పోతది" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను చేసిన పని అదే కదా అనుకున్నాను. బస్సులో కండక్టర్ పైన పెట్టమన్నా వినకుండా పాల్వంచ దాకా దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాను.

టిక్కుమనే డిస్కునే ముందు ఎక్కించాను. ఆగుతూ, మూలుగుతూ, ఎట్లాగో మొత్తం పెట్టెలోకి దిగింది. మర్నాడు మధ్యాహ్నం షట్టర్ సగం దించి ఒక్కో వీడియో తెరిచి చూశాను. చివరి దాంట్లో మనుషులు లేరు. నేల, బురద, ఆయన చెప్పులు. కెమెరా ఆపడం మరిచిపోయి చేత్తో వేలాడేసుకుని నడుస్తూ ఫోన్ మాట్లాడుతున్నాడు.

"ఆ, అయింది. అప్పగింతలు నడుస్తున్నయ్. తిన్నవా?"

అవతల ఉన్నది నేనే. ఆయన పెళ్ళికి వెళ్ళిన రోజు, వచ్చేదాకా తినకుండా కూర్చోవడం నాకొక పిచ్చి. నేనేమన్నానో అందులో వినబడదు, నాకు గుర్తూ లేదు. చెప్పులు మాత్రం ఆగాయి.

"నాకోసం కూసోకే. నువ్వు తిను. నేను వస్త."

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. మళ్ళీ విన్నాను. సగం దించిన షట్టర్ కింద రోడ్డు మీద పోయే కాళ్ళు కనబడుతున్నాయి. డ్యూటీ దిగి ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆ కాళ్ళకు ఆ చెప్పులు ఉన్నాయేమోనని చూశాను, అబద్ధమెందుకు. ఆయన గొంతు ఇప్పుడు రెండు చోట్ల ఉంది. నాకు మాత్రం ఆయన ఒక్కచోట ఉంటే చాలు, ఈ పక్క కుర్చీలో.

చాలాసేపటికి టిఫిన్ డబ్బా తెరిచాను. అన్నం చల్లారిపోయింది. ఆయన తినమన్నాడు కదా, తిన్నాను.