కారుకు గాలి చాలని మధ్యాహ్నం

కాలు యాక్సిలరేటర్ మీద పూర్తిగా దిగింది, కారు మాత్రం కదిలీ కదలనట్టు ఉండిపోయింది. ప్రమాదంలో ఉన్నామని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. ఎడమ పక్క కిటికీ అద్దంలో ట్రైలర్ లారీ ముందుభాగం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లల్ని మిట్టమధ్యాహ్నం తీసుకురావాల్సి వస్తోంది. పాపకు ఏడేళ్ళు, బాబుకు నాలుగు. ఆటోనగర్ దాటాక హైవే డివైడర్‌లో ఒక ఖాళీ ఉంటుంది. అక్కడ కారు తిప్పుకుని మా ఇంటివైపు వెళ్ళాలి. ఎదురువైపు నుంచి వచ్చే బండ్ల మధ్య సందు చూసుకుని ఒక్క ఊపులో దూరిపోవడం నాకు అలవాటే. చలికాలమంతా అలాగే చేశాను. మా కారు చిన్నదే అయినా టర్బో ఇంజన్. కాలు ఆనిస్తే చాలు, దూకేది.

ఆ రోజు సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగాం. యూటర్న్ దగ్గర మళ్ళీ ఆగాం. ఏసీ పూర్తిగా పెట్టినా బాబు చెమటతో సీటుకు అతుక్కుపోయాడు. వెనక ఆటోవాళ్ళు హారన్ మోగిస్తున్నారు. స్టీలు చుట్టలు వేసుకున్న ట్రైలర్ దూరంగానే ఉంది. సరిపోతుందనుకున్నాను.

సరిపోలేదు. ట్రైలర్ బ్రేకులు కీచుమన్నాయి. చుట్టలకు కట్టిన గొలుసులు గలగలలాడాయి. అది మా వెనక తలుపుకు దాదాపు ఆనుకుని ఆగింది. ఆ తలుపు పక్కన కూర్చున్నది పాప.

డ్రైవర్ కిటికీలోంచి సగం బయటికి వచ్చాడు. "ఏటమ్మా ఇది! సూసుకోనక్కర్నేదా? ఎనకాల పిల్లల్నెట్టుకుని!" అని అరిచాడు. అతను నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "సరే, ఎల్లమ్మా, ఎల్లు. నెమ్మదిగా ఎల్లు."

వెళ్ళాను. ఇంటికి వచ్చి అన్నం వండాను. పప్పులో ఉప్పు సరిపోయింది. బాబుకు తినిపించాను, యూనిఫారాలు తడిపాను. ఆ మధ్యాహ్నమంతా ఎవరో నా పనులు చేస్తుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంది. పాప మాత్రం నా వెనకే తిరుగుతూ ఒకే మాట అడిగింది.

"అమ్మా, రేపు కూడా కారు ఆగిపోతుందా?"

సాయంత్రం మా ఆయన ప్లాంటు డ్యూటీ నుంచి వచ్చేసరికి పాప గుమ్మంలోనే నిలబడి, "నాన్నా, నేను రేపట్నుంచి ఆటోలో వెళ్తా, అమ్మ కారెక్కను" అంది.

"ఏటయిందే?" అన్నారాయన నన్ను చూసి.

"కారు లాగట్లేదు" అన్నాను. ట్రైలర్ మాట నోటిదాకా రాలేదు.

"ఏసీ కట్టేసినావా తిరిగేటప్పుడు?"

"లేదు. టర్బో కదా, కట్టేయక్కర్లేదని షోరూంలో చెప్పారుగా."

ఆయన చొక్కా అయినా మార్చుకోకుండా టార్చి పట్టుకుని కిందికి వెళ్ళారు. మా అత్తా నేనూ వెనకే దిగాం. ఆయన బంపరు ముందు గొంతుకూర్చుని లైటు వేశారు.

"ఇదేటిది?"

బంపరు కింది భాగంలో గాలి వెళ్ళడానికి ఉన్న వెడల్పాటి ఖాళీకి దోమల జాలీ కట్టి ఉంది. రెండు మడతలు. నల్ల బంపరు మీద నల్ల జాలీ కావడంతో రోజూ చూస్తున్నా మా కంటపడలేదు. దాని మీద మసిలాంటి దుమ్ము గట్టిగా పేరుకుపోయింది.

"నానే కట్టినాన్రా" అంది అత్త. "ఉగాదికి కిటికీలకి మార్సినాక ముక్క మిగిలింది. ఇంట్లో మనకే దుమ్ము ఆగట్నేదు, దీని ముక్కులోకి ఎల్లదేటి అని."

అత్తది సముద్రం మీద బతికిన కుటుంబం. వలలు అల్లిన చేతులు. నైలాన్ దారంతో ఎంత బిగువుగా ముడులు వేసిందంటే ఆయన కత్తెర కోసం పైకి వెళ్ళాల్సి వచ్చింది. గాలి తిరిగితే నల్లదుమ్ము ఇళ్ళలోకి వచ్చే పేటలో ఉంటున్నాం. కిటికీకి, కూలర్‌కి, చివరికి నీళ్ళ ట్యాంకు గొట్టానికి కూడా జాలీ కడతాం. కారుకు కట్టడం ఆమెకు వింతగా అనిపించలేదు.

"ఇంజన్ని దోమలు కుడతాయనుకున్నావేటమ్మా?" అని ఆయన నవ్వారు.

"నవ్వు, నవ్వు. రిపేరొస్తే నీకే తెలుత్తాది" అంది అత్త. ఆమె కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"అయిపోయింది. ఇంక గుర్రంలా లాగుద్ది" అన్నారాయన జాలీ పీకేసి.

పిల్లలు పడుకున్నాక నేను ఆ మాట గురించే ఆలోచించాను. కాలేజీలో మెకానికల్ చదివాను. ఎండకు గాలి పలచబడుతుందని, ఇంజన్‌కు అందే ప్రాణవాయువు తగ్గుతుందని నాకు తెలుసు. టర్బో గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. సైకిలు పంపు కొడితే గొట్టం వేడెక్కినట్టు, నొక్కిన గాలి కాగిపోతుంది. దాన్ని చల్లార్చడానికి బంపరులోని ఆ ఖాళీ వెనకే ఇంటర్‌కూలర్ ఉంటుంది. అది బయటి గాలితోనే చల్లార్చాలి. బయటి గాలే సెగలా ఉంటే, పైగా కారు కదలకుండా నిలబడి ఉంటే, దేనితో చల్లారుస్తుంది? మరీ వేడి గాలి లోపలికి వెళితే పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజన్ పాడవుతుంది. అలా కాకుండా కారులోని కంప్యూటర్ ముందుగానే బలం తగ్గించేస్తుంది. అది కాపాడేది ఇంజన్‌ని. లోపల కూర్చున్న వాళ్ళ గురించి దానికి తెలియదు.

అంటే జాలీ కొంత పాపం చేసింది, ఎండ కొంత. జాలీ పోయింది. ఎండ ఇంకా రెండు నెలలుంటుంది. గుర్రంలా లాగుతుందని పాపకు చెప్పి ఎక్కించుకోవచ్చు. మళ్ళీ ఒకసారి లాగకపోతే ఆ పిల్ల నా మాట ఇంకెప్పుడూ నమ్మదు. ట్రైలర్ సంగతి ఆయనకు అప్పుడే చెప్పాను. ఆయన లేచి వెళ్ళి పిల్లల పక్కన పడుకున్నారు. అత్తకు చెప్పొద్దన్నారు. సరేనన్నాను.

పొద్దున్న ఇద్దరికీ జడలూ బొత్తాలూ అయ్యాక మెట్ల మీద కూర్చోబెట్టాను. బాబు బూటుతో ఆడుకుంటున్నాడు. పాప కారు వంక చూడటం లేదు.

"ఎండలో కారుకు గాలి సరిగా అందదు. అందుకే నిన్న లాగలేకపోయింది. ఇవాళా అలాగే ఉండొచ్చు. బాగైపోయిందని నేను చెప్పను" అన్నాను. "నిన్న మనల్ని కారు కాపాడలేదు, నేనూ కాపాడలేదు. ఆ లారీ అంకుల్ బ్రేకు వేశాడు. నాకూ భయమేసింది. ఇక ఆ డివైడర్ సందులో తిప్పను. ముందుకెళ్ళి తర్వాతి సిగ్నల్ దగ్గర తిరుగుదాం, ఆలస్యమైనా సరే. ఎక్కుతావా లేదా అన్నది నీ ఇష్టం. ఆటో అంటే ఆటోనే. నేను కూడా నీతో ఆటోలోనే వస్తాను."