జీవన ఎరువుకు లింగయ్య చేసిన సాయం

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఎండాకాలంలో, మిర్యాలగూడ నుంచి నన్ను మోతె మండల వ్యవసాయ అధికారిగా వేశారు. చేరిన వారానికే వరిలో జీవన ఎరువుల ప్రదర్శన క్షేత్రం పెట్టించే పని అప్పజెప్పారు. అంటే రైతు పొలంలోనే పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కన పండించి చూపడం. రైతు మాటలు నమ్మడు, కంటితో చూస్తే నమ్ముతాడు.

ఎకరం మడి ఇవ్వడానికి లింగయ్య ఒక్కడే ముందుకొచ్చాడు. వరి వేస్తాడు, గొర్లు కాస్తాడు. మట్టి పరీక్ష చేయిస్తే భాస్వరం ఎక్కువని వచ్చింది. ఏళ్ల తరబడి వేసిన డీఏపీ ఎరువులోని భాస్వరం మొక్కకు అందకుండా మట్టిలో బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని కరిగించి వేరుకు అందించే బాక్టీరియానే మేమిచ్చే పొడిలో ఉండేది. మడిని రెండు సగాలు చేసి గూటాలు పాతించాను. ఒకవైపు మామూలుగా డీఏపీ, రెండోవైపు అందులో సగమే, తోడుగా బాక్టీరియా. పొడిని చివికిన పశువుల ఎరువులో కలిపి, నీళ్లు చిలకరించి, నీడన ఉంచి, ఆఖరి దమ్ములో దగ్గరుండి చల్లించాను.

వరి పొట్టకొచ్చేసరికి బాక్టీరియా వైపు పైరు ముదురు పచ్చగా, నిండు పిలకలతో నిలబడింది. నా కాళ్లు నేల మీద ఆగలేదు. పైరును అందరికీ చూపే క్షేత్ర దినోత్సవానికి తుంగతుర్తి నుంచి కూడా రైతులను పిలిపించాను. మా పై అధికారి అయిన సహాయ సంచాలకులు సూర్యాపేట నుంచి వస్తానన్నారు. నివేదిక కూడా ముందే రాసిపెట్టుకున్నాను. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత నాకోసమే పుట్టింది.

క్షేత్ర దినోత్సవం రోజు పొద్దున లింగయ్య భార్య ఎల్లమ్మ చాయ్ ఇస్తూ, "మా మంద నాలుగు రాత్రులు గా సగంల్నే పండుకున్నది సారు, పంట రాకేం జేస్తది" అంది.

ఎండాకాలంలో గొర్ల మందను పొలంలో పడుకోబెట్టడం ఇక్కడి వాడుక. పెంట, మూత్రం నేలకు మంచి బలం. గూటాలు పాతాక లింగయ్య బాక్టీరియా వైపే మంద పెట్టాడు. రెండోవైపు ఒక్క గొర్రెను కూడా పోనివ్వలేదు. ఎందుకని లింగయ్యను అడిగాను.

"గా పొడిల సత్తువ ఉంటదో లేదో. పంట రాకుంటె పది మందిల మీ ఇజ్జత్ పోతది గద సారు. జర ఆసరా ఇద్దామని పెట్టిన."

ఒళ్లు మండింది. అతని మొహం చూశాక తిట్టలేకపోయాను. కానీ నేను నోరు మూసుకుంటే, వచ్చిన రైతులంతా వచ్చే పంటకు మంద లేకుండానే డీఏపీ సగానికి తగ్గిస్తారు. వాళ్ల దిగుబడి ఏమవుతుందో నాకే తెలియదు.

సహాయ సంచాలకులకు చెప్పాను. మీ క్షేత్రం, మీరే చెప్పండి అన్నారు. లింగయ్యను పక్కన నిలబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. రైతులు నవ్వారు. "గిప్పుడు ఎవల్ని అడగాలె సారు, మిమ్ములనా, లింగయ్య గొర్లనా?" అన్నాడొక పెద్దాయన. నేనూ నవ్వాను గానీ లోపల సిగ్గేసింది. నాది కోదాడ, మంద పెట్టడం ఎరగనివాణ్ని కాదు. అడగాలని తోచలేదు.

మరుసటి వానాకాలం మంద పడని పక్క మడిలో మళ్లీ పండించాం. రెండు సగాలూ ఇంచుమించు సమానంగా పండాయి. డీఏపీ సగం మిగిలింది, అంతే. ఆ నివేదికను ఎవరూ మెచ్చుకోలేదు గానీ, ఊళ్లో కొందరు పొడి అడిగి తీసుకెళ్లారు.

అప్పటినుంచి ప్రదర్శన క్షేత్రాల రిజిస్టరులో నా చేత్తో ఒక గడి అదనంగా గీసుకున్నాను: 'మేము చెప్పకుండా రైతు చేసినది'. పదవీ విరమణ దాకా ఆ గడి ఒక్క పంటకూ ఖాళీగా లేదు.